పరుపు కొంటున్నారా... పడుకుని చూడండి!

నల్గొండ, మహబూబ్‌నగర్ అంటేనే పత్తి చేలు. ఒకప్పుడు పరుపంటే దూదిదే. గట్టిపడితే దూదేకులవాళ్లు ఏకి, మళ్లీ కుట్టిచ్చేవారు. ఇప్పుడు దుకాణం నిండా ఫోములే! మరి ఏది మేలు?

మామూలు పీయూ ఫోమ్ చవక. కొనేముందు సాంద్రత అడగండి. ఘనపు మీటరుకు 32 కిలోల దానికన్నా 40 కిలోలది సాధారణంగా ఎక్కువకాలం మన్నుతుంది. ఫోమ్ ముక్కలు అతికించి చేసే రీబాండెడ్ గట్టిగా ఉంటుంది. 1966లో నాసా కోసం రూపొందిన మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి, శరీరానికి తగ్గట్టు ఒదుగుతుంది. మన ఎండాకాలంలో మాత్రం ఉక్కగా అనిపించొచ్చు. రబ్బరు పాలతో చేసే లేటెక్స్ నొక్కినా వెంటనే పైకి లేస్తుంది. ధరే ఎక్కువ!

నడుంనొప్పి ఉన్న నానమ్మకోసమా? ఆమెనే తీసుకెళ్లి పడుకోబెట్టండి. పక్కకి తిరగడానికి, లేవడానికి కష్టమైతే అంత మెత్తనిది వద్దు. దూదినైతే మళ్లీ ఏకించుకోవచ్చు... గుంటపడిన ఫోమును మార్చాల్సిందే!