విద్యుత్ కారునందలి చిన్న బ్యాటరీ

గత వర్షాకాలమున నొక విద్యార్థి తండ్రిగారి విద్యుత్ కారు మన పాఠశాల ద్వారముకడ కదలక నిలిచెను. పెద్ద బ్యాటరీలో సగమునకు మించి శక్తి యుండెను. బాలురు కారును త్రోయఁబోయిరి. ఒకఁడు బానెట్టు క్రింది నారింజరంగు తీగను పట్టఁబోఁగా మేము వారించితిమి. అందుచేత నీ సంగతిని వివరింపఁ దలఁచితిమి.

విద్యుత్ కారులో రెండు బ్యాటరీలుండును. చక్రములను త్రిప్పు పెద్దది అనేక కార్లలో 300 మొదలు 400 వోల్టుల వఱకు నుండును. చిన్నది 12 వోల్టులది. దీపములు, తలుపుల తాళములు, కంప్యూటరు దీనివలన పనిచేయును. కారు నిలిపినప్పుడు పెద్ద బ్యాటరీ తక్కిన భాగములనుండి వేఱుచేయఁబడి యుండును. దానిని మరల కలుపు స్విచ్చును నడపునది చిన్న బ్యాటరీయే. కావున చిన్నది నిర్జీవమైనచో పెద్దదాని శక్తి యక్కఱకు రాదు. త్రోసినను ప్రయోజనము లేదు.

ఇందుకు నివారణము కష్టము కాదు. తలుపు తెఱచుకొననిచో, అనేక కార్ల రిమోటులో దాఁగియుండు లోహపు తాళపుచెవిని వాడవలెను. పిదప కారుతో నిచ్చిన పుస్తకము చూపిన చోట్ల వేఱొక 12 వోల్టుల బ్యాటరీని, ఎఱ్ఱతీగ ధనధ్రువమునకును, నల్లతీగ ఋణస్థానమునకును చేరునట్లు కలుపవలెను. కారు మేల్కొనినంతనే పెద్ద బ్యాటరీ చిన్నదానిని నింపసాగును. ఆనాఁడు మేస్త్రి యిట్లే చేసి కారును కదల్చెను.

నెలలతరబడి కారును నడపకుండుట, దీప మార్ప మఱచుట, వయసు మీఱుట, ఇవి చిన్న బ్యాటరీకి శత్రువులు. తల్లిదండ్రులు దానిని ఏటేట పరీక్ష చేయించుట మేలు. బాలురారా, నారింజరంగు తీగలలోని విద్యుత్తు ప్రాణాంతకము. కారు కదలక పడియున్నను వానిని తాఁకకుఁడు.