సముద్రము మీది బిడ్డలు – ఇంటివారి హక్కులు



ఓరుగల్లుకు సముద్రము లేదు. అయినను మన ఇండ్లనుండి కూడా యౌవనస్థులు ఓడ పనికి వెళ్లుచున్నారు. మా సంఘములోని ఒక తల్లి కుమారుడు మన దేశపు సరుకు ఓడలో పనిచేయుచు, సరుకు గదిలోనికి జారిపడి మరణించాడు. భూస్థాపన అయిన కొన్ని దినములకు ఆమె ఒక కాగితము పట్టుకొని మా యొద్దకు వచ్చింది.

"అయ్యగారూ, గీ పైసలు తీస్కొని, ఇగ ఏమీ అడగనని సంతకం పెట్టుమంటుండ్రు. పెట్టాల్నా?"

మాకు చట్టము తెలియదు. ప్రార్థన చేసి, "నీ ఇష్టమమ్మా" అని పంపివేశాము. ఆమె సంతకము చేసింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ధర్మశాస్త్రములో, మన గడ్డమీద

ఒకని గాయపరచినవాడు, వానికి పని పోయిన కాలమునకు నష్టము చెల్లించి, వానిని పూర్తిగా బాగుచేయించవలెనని నిర్గమకాండము 21వ అధ్యాయము నియమించుచున్నది. మన ఓరుగల్లు ఏలిన గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనము వేయించాడు. అంతకుముందు తుపానుకు చెడిన ఓడల సరుకును రాజులు లాగుకొనేవారు. ఆయన సుంకము మాత్రమే తీసికొని మిగిలినది విడిచిపెట్టాడు. అయితే అది వర్తకుని సరుకునకు అభయము. పనివాని ప్రాణమునకు, అవయవమునకు పరిహార చట్టము మన దేశములో 1923లో గాని రాలేదు. అందులో ఓడ పనివారికి ప్రత్యేక నియమములున్నవి. 2025 నవంబరు 21 నుండి అమలైన సామాజిక భద్రతా స్మృతిలో వాటిని చేర్చారు.

తెలిసికొనవలసినవి

మరణ పరిహారమును యజమాని ప్రభుత్వ అధికారి యొద్ద జమచేయవలెను. ఇంటివారి చేతికి నేరుగా ఇచ్చినది పరిహారముగా లెక్కకు రాదు. కొంత అడ్వాన్సు మాత్రమే మినహాయింపు. హక్కు వదలుకొన్నట్లు వ్రాయించుకొన్న ఒప్పందము చెల్లదు. నెల వేతనములో సగమును వయస్సును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చించెదరు. 25 ఏండ్ల వానికి ఆ అంకె 216.91; వేతనము 15,000 రూపాయలైతే పరిహారము 16 లక్షలు దాటును.

మరణవార్త అందిన ఏడాదిలోగా దరఖాస్తు చేయవలెను. ఓడ అందరితో సహా మునిగిపోతే 18 నెలలు గడువు. గాయపడినవాని విషయములో, ప్రమాదము ఓడలోనే జరిగితే వేరుగా నోటీసు ఇవ్వనక్కరలేదు. మనము నివసించే ప్రాంతపు అధికారి యొద్దనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును, బొంబాయికి పోనక్కరలేదు.

విదేశపు జెండా ఓడలైతే ఒప్పంద పత్రమే ఆధారము. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒడంబడికను మన దేశము 2015లో ఆమోదించింది. మరణమునకు, అంగవైకల్యమునకు చెల్లించుటకు ఓడ యజమాని భీమా వంటి హామీ చూపవలెనను నియమము 2017 జనవరి నుండి అమలులో ఉన్నది.

సంఘము చేయవలసినది

బిడ్డ ఓడ ఎక్కకముందే ఒప్పంద పత్రము, నావికుని గుర్తింపు పుస్తకము నకళ్లు ఇంటిలో ఉంచుకొనుడి. పంపించే ఏజెంటుకు నౌకాయాన డైరెక్టరేటు జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉన్నదో లేదో చూడుడి. దుఃఖములో ఉన్నప్పుడు ఏ కాగితము మీదను తొందరపడి సంతకము చేయకుడి.

ఆ తల్లి చేసిన సంతకముతో ఆమె హక్కు పోలేదని మాకు ఆలస్యముగా తెలిసింది. వార్త అందిన పదవ నెలలో ఆమెతో కలిసి వెళ్లి దరఖాస్తు ఇచ్చాము. విచారణ ఇంకను ముగియలేదు. ప్రతి వాయిదాకు సంఘములోనుండి ఒకరు ఆమెతో వెళ్లుచున్నారు.

విధవరాండ్రను, దిక్కులేనివారిని వారి ఇబ్బందిలో పరామర్శించుట నిజమైన భక్తి అని యాకోబు పత్రిక నేర్పుచున్నది. పరామర్శ అనగా తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించుట మాత్రమే కాదు, వారు తెచ్చిన కాగితమును చదివి చూచుట కూడా. జూలై రెండవ ఆదివారము అనేక సంఘములు ఓడ పనివారి కొరకు ప్రార్థించును. ఆ దినమున మనమును మోకరించుదము; మోకాళ్ల మీదనుండి లేచి వారి ఇంటికి కూడా వెళ్లుదము. ఆమేన్.