సముద్రతీరాన నాలుగు రోజులు
జంటలు విడిదిని ఎంచుకునే ముందు

పెళ్ళయిన కొత్తలో నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రావటం మన ఇళ్ళలో కూడా ఇప్పుడు వాడుక అయింది. ఒకప్పుడు వలీమా ముగిశాక చుట్టాల ఇళ్ళలో దావతులు తిని రావటమే కొత్త జంటకు ప్రయాణం. నేడు ఓడరేవులోనో ఉక్కు కర్మాగారంలోనో కొలువు చేసే అబ్బాయి సెలవు పెట్టి సముద్రపు ఒడ్డున గది మాట్లాడుకుంటున్నాడు. పాతికేళ్ళు సంసారం చేసి, పిల్లల బాధ్యతలు తీరిన జంటలు కూడా వెళుతున్నారు.

కొందరు పెద్దలు దీనిని చూచి నొసలు చిట్లిస్తారు. మియాబీవీ కలిసి షికారుకు పోవటం మన మర్యాద కాదంటారు. ఈ మాట సరికాదు. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో తన సతీమణి హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసుకున్నారు. ఆమె గెలిచారు. కొన్నాళ్ళకు మరో ప్రయాణంలో మళ్ళీ పందెం వేసి ఆయన గెలిచి, నాటి ఓటమికి ఇది చెల్లు అన్నారు. భార్య మనసును ఉల్లాసపరచటం భర్తకు తగని పని అయితే ఈ సంఘటన మనకు హదీసు గ్రంథాల ద్వారా అందేదే కాదు. కాబట్టి వెళ్ళవచ్చు. ఎక్కడికి వెళ్ళాలి, ఏ విడిదిలో దిగాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నవే ఆలోచించవలసిన సంగతులు.

కొలబద్ద ఏది?

మన వాళ్ళు ముందుగా చూసేది నక్షత్రాల లెక్క. తరువాత ఫోటోలు. నీలిరంగు ఈత కొలను, పూలు చల్లిన పరుపు, కొబ్బరిచెట్ల మధ్య ఊయల చూచి డబ్బు కట్టేస్తారు. ఆ కొలనులో మన ఇంటి ఆడపిల్ల దిగగలదా, ఆ ఊయలలో పదిమంది చూపులు పడకుండా కూర్చోగలదా అని అడిగేవారు తక్కువ.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు పెళ్ళికాగానే పేరున్న చోటికి భార్యను తీసుకువెళ్ళాడు. ఈత కొలను అందరికీ ఒకటే. భోజనశాలలో పక్క బల్లల మీద మద్యం సీసాలు. మాంసం హలాల్ అవునో కాదో వడ్డించేవానికే తెలియదు. మూడు రోజులూ ఆ అమ్మాయి కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ, గదికి తెప్పించుకున్న పప్పన్నం తిన్నది. అబ్బాయి మాత్రం అలల్లో ఆడి, ఎండకు నల్లబడి తిరిగి వచ్చాడు. అప్పు మాత్రం ఏడాది పాటు ఇద్దరూ కలిసి తీర్చారు.

అందుచేత నేను చెప్పే కొలబద్ద ఒక్కటే. భార్య గది గడప దాటి, నిబ్బరంగా, హయాకు లోటు రాకుండా ఎంతసేపు గడపగలదో అంతే ఆ విడిది విలువ. గడప లోపలే ఉండిపోయేటట్లయితే ఇంట్లోనే ఉండవచ్చు గదా! గది మాట్లాడే ముందు ఆమెను కూర్చోబెట్టి అడగండి. ఆమెకు సముద్రం కావాలో, కొండ కావాలో, అసలు పుట్టింటికి పోయి రావాలని ఉందో!

మన ఊరి తీరం

విశాఖ వారికి సముద్రం కోసం విమానం ఎక్కవలసిన పని లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండకు దక్షిణాన యారాడ ఉంది. ఉక్కునగరం దాపున అప్పికొండ, గంగవరం తీరాలున్నాయి. నగరంలో రామకృష్ణా బీచి, ఉత్తరంగా రుషికొండ, ఇంకా పైకి పోతే డచ్చివారి పాత సమాధులున్న భీమిలి. పెద్ద హోటళ్ళు ఎక్కువగా ఆర్కే బీచి నుంచి భీమిలి పోయే దారిలోనే ఉన్నాయి. నోవోటెల్, ది పార్క్ నగరంలోని బీచి రోడ్డు మీద ఉంటే, రాడిసన్ బ్లూ రిసార్టు రుషికొండ వైపు ఉంది. రుషికొండ మీద ప్రభుత్వ పర్యాటక సంస్థ వారి హరిత రిసార్టు చాలామందికి గుర్తుంటుంది. దానిని 2021లో తొలగించారు. పాత పుస్తకాల్లో పేరు చూచి బయలుదేరకండి.

ఆర్కే బీచి ఎదుట దిగితే 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామికి నడిచి పోవచ్చు. కాని సాయంత్రమైతే ఊరంతా అక్కడే ఉంటుంది. ఏకాంతం కోరేవారికి రుషికొండ, భీమిలి దారి మేలు. అక్కడ కూడా శని, ఆదివారాలు, కార్తీక మాసపు వనభోజనాల రోజులు, డిసెంబరు ఆఖరి వారం రద్దీగా ఉంటాయి. షిఫ్టు డ్యూటీ చేసేవారికి వారం మధ్యలో సెలవు దొరుకుతుంది. మంగళ, బుధవారాలు చూచుకోండి. అద్దె సాధారణంగా తక్కువ, తీరం ఖాళీ.

కాలం కూడా చూడాలి. విశాఖకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి రోజులు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదనే తీరం దాటింది. ఆ నెలల్లో వెళ్ళేవారు, తుపాను హెచ్చరిక వస్తే కట్టిన డబ్బు వాపసు ఇస్తారా అన్నది ముందే కాగితం మీద రాయించుకోవాలి.

ద్వీపాలకు పోదామంటే

చేతిలో డబ్బు ఉండి, దూరం పోదామనుకునేవారు మాల్దీవుల పేరు చెబుతారు. ముస్లిం దేశం గదా, ఏ చింతా లేదనుకుంటారు. అక్కడి పద్ధతి తెలుసుకోవాలి. 1972లో అక్కడ పర్యాటకం మొదలైంది. ఒక ద్వీపానికి ఒక రిసార్టు చొప్పున కట్టారు. ఆ రిసార్టు ద్వీపాల్లో విదేశీయులకు మద్యం, పంది మాంసం పెట్టటానికి అనుమతి ఉంది. స్థానిక ప్రజలు నివసించే ద్వీపాల్లో మద్యం నిషిద్ధం. ఆ ద్వీపాల్లో ఇప్పుడు అతిథి గృహాలున్నాయి. మసీదు నడక దూరంలో ఉంటుంది, భోజనం హలాల్, ఈత దుస్తుల్లో తిరిగే విదేశీయులకు తీరంలో వేరే చోటు కేటాయిస్తారు. అద్దె కూడా రిసార్టు కంటే బాగా తక్కువ. పేరు గొప్ప రిసార్టు కంటే ఈ చిన్న అతిథి గృహమే మన కొలబద్దకు ఎక్కువ నిలుస్తుంది. రిసార్టే కావాలంటే చుట్టూ మరుగు, సొంత కొలను ఉన్న విడి ఇల్లు అడగాలి. మాలే విమానాశ్రయం నుంచి ద్వీపానికి పడవ లేదా నీటి విమానం ఛార్జీ ఎక్కువగా వేరే ఉంటుంది. గది అద్దెలో అది కలిసిందో లేదో అడగటం మరవకండి. అక్కడ వానలు తగ్గి సముద్రం నెమ్మదిగా ఉండేది డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు.

మన దేశంలోనే లక్షద్వీప్ ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 96 మందికి పైగా ముస్లిములే. వెళ్ళటానికి ముందుగా అనుమతి పత్రం కావాలి. కొచ్చి నుంచి ఓడ గాని, అగత్తికి విమానం గాని ఎక్కాలి. వసతులు ఆడంబరంగా ఉండవు గాని, స్త్రీలకు మన ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది. విలాసం తగ్గినా నిశ్చింత దొరుకుతుంది.

ఫోనులో అడగవలసిన ప్రశ్నలు

విడిది ఏదైనా, డబ్బు కట్టకముందే ఫోను చేసి ఇవి అడగండి. సిగ్గుపడవద్దు, అడగటం అతిథి హక్కు.

మాంసం ఎక్కడి నుంచి వస్తుంది, హలాల్ పత్రం ఉందా? పంది మాంసం వేయించిన నూనెలోనే చేపలు వేయిస్తారా? కొన్ని వంటల్లో మద్యం పోస్తారు, శాకాహారంలో కూడా. మనకు చేయకుండా విడిగా వండుతారా? విశాఖలో ఈ చిక్కు కొంత సులువు. చేపకు జబహ్ అవసరం లేదు. వంజరం, చందువ తాజాగా దొరికే ఊరు ఇది. శుభ్రమైన పెనం మీద వేయించి పెట్టమంటే చాలు.

గదిలోని చిన్న ఫ్రిజ్‌లో మద్యం సీసాలుంటే మేము రాకముందే తీసివేస్తారా? భోజనం గదికో, తోటలో విడి బల్లకో పంపుతారా?

ఈత కొలనులో స్త్రీలకు వేరే సమయం ఉందా? ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులతో దిగనిస్తారా? వరండా పక్క గదివారికి కనబడుతుందా?

'సముద్రం కనిపించే గది' అంటే ఎదురుగా కనిపిస్తుందా, మెడ సాచి పక్కకు చూస్తే కనిపిస్తుందా? హోటలుకూ తీరానికీ మధ్య రోడ్డు ఉందా?

అలతో ఆటలు వద్దు

విశాఖ తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు మనం చూస్తూనే ఉన్నాం. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోపలికి పోయేటప్పుడు ఒక్కోచోట ఇరుకైన పాయగా చేరి బలంగా లాగుతుంది. ఆ పాయ ఉన్నచోట అల విరగదు. అందుకే తెలియనివారికి అదే నెమ్మదైన చోటుగా కనిపిస్తుంది. అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటాలి. ఈత రానివారు కంగారు పడక వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపి పిలవాలి.

స్త్రీలు మరీ జాగ్రత్తగా ఉండాలి. బుర్ఖా గాని చీర గాని తడిస్తే బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది. ఆ దుస్తులతో మోకాలు దాటి నీళ్ళలోకి పోవద్దు. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత పరీక్ష, స్నానానికి గుర్తించిన చోటు, కాపలా ఈతగాళ్ళు ఆ గుర్తింపుకు నియమాలు. ఏ తీరంలోనైనా కాపలావారు ఉన్నచోటనే దిగండి, వారు ఈల వేస్తే వెంటనే బయటికి రండి. ఈత రాని భార్యను ధైర్యం చేయమని చెయ్యి పట్టి లోపలికి లాగే భర్తలున్నారు. అది ప్రేమ అనిపించుకోదు.

నమాజు, ప్రయాణం

హనఫీ ఫిఖహ్ ప్రకారం ఇంచుమించు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణం చేసి, ఒకచోట 15 రోజులకంటే తక్కువ ఉండదలచిన వారు ముసాఫిర్లు. నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. విజయవాడ నుంచి గాని శ్రీకాకుళం నుంచి గాని వచ్చినవారికి ఈ సడలింపు ఉంది. గాజువాక నుంచి రుషికొండకు వచ్చినవారికి లేదు, వారు పూర్తిగా చదవాలి. విశాఖలో ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. అంటే సముద్రానికి వీపు చేసి కొండల వైపు తిరిగి నిలబడాలి. ఫజర్ చదివి తీరానికి పోయేవారికి సూర్యోదయమూ దొరుకుతుంది, జనం లేని ఇసుకా దొరుకుతుంది. కొత్త జంటకు అంతకంటే మంచి వేళ లేదు.

డబ్బు సంగతి

చివరికి అసలు విషయం. చాదర్ చూచుకుని కాళ్ళు చాపమని మన పెద్దలు ఊరికే అనలేదు. గది అద్దెగా ప్రకటనలో చూపించిన అంకె మీద పన్ను పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే 10,000 రూపాయల గది నాలుగు రాత్రులకు 40,000 అనుకుంటే బిల్లు 47,200 అవుతుంది. భోజనాలు, కారు వేరు. అదే 7,000 రూపాయల గది అయితే పన్నుతో కలిపి 29,400. మిగిలిన 17,800తో కొత్త కాపురానికి ఎంత సామాను వస్తుందో లెక్క వేయండి.

వాయిదాల మీద విహారయాత్ర అని ప్రకటనలు వస్తున్నాయి. ఆ వాయిదాలో వడ్డీ ఉంటే అది హరామ్ అని మనకు తెలుసు. తీరం మీద గడిపిన నాలుగు రోజుల కోసం రెండేళ్ళు వడ్డీ కట్టేవాడికి ఆ సముద్రం ఎంత చేదుగా గుర్తుంటుందో! ఆమె నగలు కుదువపెట్టి ఆమెనే షికారుకు తీసుకువెళ్ళే వారు కూడా ఉన్నారు.

ఇంకొక బాకీ ఉంది. నికాహ్ రోజున ఒప్పుకున్న మహర్. దానిని తరువాత చూద్దామని పక్కన పెట్టి, విడిదికి లక్ష రూపాయలు పోసే పెళ్ళికొడుకులను చూస్తున్నాం. మహర్ ఆమె హక్కు, విహారం మీ కానుక. హక్కు చెల్లించకుండా ఇచ్చే కానుకకు బరకత్ ఎక్కడిది? ముందు మహర్ చేతికి ఇవ్వండి. ఆ తరువాత మిగిలినదానితో యారాడలో ఒక పూట గడిపి ఇంటికి వచ్చినా, మాల్దీవులకు పోయినా, ఆమె మీ పక్కన నిండు మనసుతో నడుస్తుంది.