జనవరి రాత్రి ఫ్యాన్ వేసే వయసు

జనవరిలో ఖరగ్‌పూర్ రాత్రులు గట్టిగానే చలి పెడతాయి. నింపురలోనో మథురకాటిలోనో రైల్వే క్వార్టర్‌లో ఇంటిల్లిపాదీ దుప్పట్లు ముసుగుతన్ని పడుకుంటే, నలభై ఏడేళ్ల ఇల్లాలు ఒక్కతే లేచి ఫ్యాన్ వేస్తుంది. గుండెల దగ్గర మొదలైన సెగ మెడ మీదుగా ముఖానికి పాకుతుంది. చెవులు ఎర్రబడతాయి, గుండె దడదడలాడుతుంది, జాకెట్టు తడిసి ముద్దవుతుంది. కాసేపటికి అంతా సర్దుకుంటుంది. ఆ వెంటనే వణుకు, మళ్లీ దుప్పటి. "చలికాలంలో ఈ ఫ్యానేమిటి?" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటే ఏం చెప్పాలో ఆమెకు తోచదు. వైద్యశాస్త్రానికి మాత్రం ఇప్పుడు జవాబు తెలుసు.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. ఇంగ్లండు, అమెరికా వంటి దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు జరుగుతుంది. మన దేశంలో నాలుగైదేళ్లు ముందే, 46-47 ఏళ్లకే వచ్చేస్తుంది. అంతకు ముందు కొన్నేళ్లు సంధికాలం. అప్పుడు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ నెమ్మదిగా, ఒక వరసలో తగ్గదు. ఒక నెల ఎగసి, మరో నెల పడిపోతుంది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, కారణం లేకుండా కన్నీళ్లు రావడం, మాట నోటిదాకా వచ్చి మరుపున పడటం, కీళ్ల నొప్పులు చాలావరకు ఈ ఎగుడుదిగుడుల కాలంలోనే మొదలవుతాయి.

ఒంట్లో ఇలా సెగలుగా పుట్టే ఆవిర్లకు మూలం మెదడులో ఉంది. హైపోథాలమస్ అనే చిన్న భాగం శరీర ఉష్ణోగ్రతను కనిపెట్టుకుని ఉంటుంది. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన నవోమి రాన్స్, చనిపోయిన స్త్రీల మెదళ్లను పరిశీలించి, ముట్లుడిగినవారి హైపోథాలమస్‌లో కొన్ని నాడీకణాలు ఉబ్బి ఉన్నాయని 1990ల తొలినాళ్లలో గుర్తించారు. న్యూరోకైనిన్-బి అనే రసాయనాన్ని తయారుచేసే కణాలవి. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం వాటికి పగ్గం ఉంటుంది. అది తగ్గగానే ఆ కణాలు చెలరేగి, పక్కనే ఉన్న ఉష్ణోగ్రత కేంద్రాన్ని కదిలిస్తాయి. మామూలుగా ఒంటి వేడి కాస్త పెరిగినా శరీరం పట్టించుకోదు. ఆవిర్లు వచ్చే స్త్రీలలో ఆ వెసులుబాటు బాగా కుంచించుకుపోతుంది. థర్మోస్టాట్ పాడైన ఇస్త్రీపెట్టెలాగా, చిటికెడు తేడాకే మెదడు 'వేడెక్కిపోయింది' అని ఆదేశం ఇచ్చేస్తుంది. రక్తనాళాలు విప్పారతాయి, చెమట పడుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ఈ బాధ రెట్టింపవుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. బంగాళాఖాతం తేమ కమ్ముకునే ఖరగ్‌పూర్ ఉక్కపోతలో చెమట కారుతుందే గానీ ఆరదు.

ఇదెంతకాలం? 1990ల మధ్యలో మొదలై 3,300 మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన 'స్వాన్' అనే అమెరికా అధ్యయనం 2015లో ఇచ్చిన లెక్క ప్రకారం, తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో సగం మందికి అవి ఏడేళ్లకు మించి సాగాయి. 'ఆర్నెల్లు ఓర్చుకో, అదే పోతుంది' అనే మాట అందరికీ వర్తించదన్నమాట.

ఆందోళన ఎక్కువగా ఉన్నవారిని ఆవిర్లు ఎక్కువ బాధపెడతాయని కూడా పరిశోధనల్లో తేలింది. రైల్వే ఊళ్లో ఆందోళనకు కొదవలేదు. భర్త లోకో పైలటో గార్డో అయితే డ్యూటీ కాల్ ఏ వేళకైనా వస్తుంది. రాత్రి రెండింటి డ్యూటీకి పిలుపొస్తే ఒంటిగంటకే లేచి వండి క్యారేజీ కట్టాలి. అటు పిల్లల ఉద్యోగాల బెంగ, ఇటు మంచంలో ఉన్న అత్తగారు. చెమటలతో చెడిన నిద్రకు ఇవి తోడైతే మర్నాడు చిన్న మాటకే కోపం ముంచుకొస్తుంది. ఉద్యోగానికి వెళ్లే స్త్రీలైతే ఇంటి పని ముగించి ఆఫీసు పని కూడా చక్కబెట్టాలి.

మరి తట్టుకోవడం ఎలా? లండన్ కింగ్స్ కాలేజీలో మైరా హంటర్ బృందం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని దీనికి మలిచి, 2012లో ఫలితాలు ప్రచురించింది. ఆవిరి రాగానే 'అందరూ నన్నే చూస్తున్నారు, నా పరువు పోయింది' అనే ఆలోచన పుడితే దడ పెరుగుతుంది. 'ఇది వస్తుంది, కాసేపట్లో పోతుంది' అనుకుని, భుజాలు వదులు చేసి, పొట్ట నుంచి నిదానంగా ఊపిరి తీసుకోవడం సాధన చేయిస్తారు. నిద్ర వేళలు సరిచేస్తారు. ఈ శిక్షణ పొందినవారికి పగటి ఆవిర్ల సంఖ్య పెద్దగా తగ్గలేదు గానీ, వాటివల్ల కలిగే బాధ గణనీయంగా తగ్గింది. పుస్తకం చూసి సొంతంగా సాధన చేసినవారికీ బృందంగా నేర్చుకున్నవారికీ దాదాపు ఒకే ఫలితం దక్కింది.

యోగా సంగతి కాస్త చిక్కుగా ఉంది. బెంగళూరులో 40-55 ఏళ్ల స్త్రీలు 120 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు యోగా, రెండో జట్టుకు మామూలు వ్యాయామం 8 వారాలు చేయించారు. యోగా జట్టులో ఆవిర్లు, నిద్రలేమి, మానసిక ఒత్తిడి ఎక్కువగా తగ్గాయని 2008లో ప్రకటించారు. అయితే 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సంఘం సాక్ష్యాలన్నీ తూకం వేసి, ఆవిర్లకు మందుగా యోగాను గానీ సోయా మాత్రలను గానీ సిఫారసు చేయలేమంది. మనసు నెమ్మదించడానికి, నిద్రకు, కండరాల బలానికి యోగా, నడక మంచివే. వాటితో ఆవిర్లు తగ్గకపోతే తప్పు మన సాధనది కాదు.

అన్నిటికంటే బలంగా పనిచేసేది హార్మోన్ చికిత్స. దానిమీద భయం 2002 నాటిది. అమెరికాలో 16,608 మందిపై ఈ చికిత్సకు జరిగిన పరీక్షను, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతోందని మధ్యలో ఆపేశారు. పెరిగిన ముప్పు ఏడాదికి పదివేల మందిలో 8 కేసులు. పైగా పాల్గొన్నవారి సగటు వయసు 63. అరవై లోపు లేదా ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు లాభమే ఎక్కువని నేటి వైద్యుల మాట. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు, పక్షవాతం, కాలేయ జబ్బు ఉన్నవారికి ఇది సాధారణంగా తగదు. వారికి కొన్ని రకాల డిప్రెషన్ మందులను చిన్న మోతాదులో ఇస్తారు. న్యూరోకైనిన్-బి పనిని అడ్డుకునే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023 మేలో అమెరికా అనుమతి వచ్చింది. దాన్ని వాడేవారు కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

ఇక్కడ మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. పెళ్లిళ్లకూ పండుగలకూ రాకపోకలున్న ఇళ్లలో సలహాలూ రైలెక్కి వస్తాయి. "ఆ సంచి తీయించేసుకో పిన్నీ, పీడా పోతుంది" అన్నది వాటిలో ఒకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో 8 మంది. ఆవిర్లు పుట్టేది గర్భసంచిలో కాదు కనుక దాన్ని తీస్తే అవి ఆగవు. అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోయి బాధలు ఉద్ధృతంగా మొదలవుతాయి. చిన్న వయసులోనే ఇలా జరిగితే ఎముకలకూ గుండెకూ ముప్పు. అనవసరపు ఆపరేషన్లు అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

ముట్లుడిగిన తొలి ఏళ్లలో ఎముకలు వేగంగా గుల్లబారతాయి. ఈ దశలో స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. నూరు గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఉత్తరాంధ్ర ఇళ్లలో చోడి అంబలి కొత్తేమీ కాదు. పాలు, పెరుగు, నువ్వులు తోడవ్వాలి.

చాలామంది పైకి చెప్పనివి యోని పొడిబారడం, మూత్రంలో మంట. ఖరగ్‌పూర్‌లో బెంగాలీ డాక్టరు దగ్గరికి కొడుకునో అల్లుడినో దుబాసీగా తీసుకెళ్లే తల్లి ఈ మాట ఎత్తదు. పైపూతగా వాడే ఈస్ట్రోజెన్ క్రీముతో తగ్గే బాధ అలా ఏళ్లకేళ్లు మిగిలిపోతుంది. కూతురినో కోడలినో వెంట తీసుకెళ్తే ఆ ఇబ్బంది ఉండదు. నాలుగు వారాల పాటు ఆవిర్లు ఎన్నిసార్లు వచ్చాయి, నిద్ర ఎన్ని గంటలు, నెలసరి ఏ తేదీన అని ఓ చిన్న నోటుపుస్తకంలో రాసుకుని చూపిస్తే ఇంకా మేలు. రైల్వే కుటుంబాలకు రైల్వే మెయిన్ హాస్పిటల్ ఉంది, మిగతావారికి చాంద్‌మారిలో ప్రభుత్వాసుపత్రి ఉంది.

నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, అది ఒక్క చుక్కయినా సరే, ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోవాలి. గర్భసంచి క్యాన్సర్‌కు అది తొలి సూచన కావచ్చు. గర్భసంచి తీసేయాలని ఎవరైనా చెబితే మాత్రం, ఏ జబ్బుకు తీస్తున్నారో, మందులతో కుదరదా, అండాశయాలు ఉంచుతారా అని అడిగి, మరో డాక్టరుకు కూడా చూపించుకున్నాకే సంతకం పెట్టండి.