ఇల్లు కొనే ముందు రెండు రాత్రులు ఉండి చూస్తే?

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి కూడబెట్టిన సొమ్ము, ఇంట్లో ఆడవాళ్ల నగలు, చాలకపోతే అన్నదమ్ముల దగ్గర చేబదులు. ఇదంతా పోసి ఇల్లు కొంటారు. కానీ ఆ ఇంటిని చూసేది ఎంతసేపు? పగటిపూట బ్రోకర్‌తో వెళ్లి, మహా అయితే అరగంట.

అమెరికాలో ఇల్లు అమ్మేవాళ్లు కొందరు, నిజంగా కొనేలా ఉన్న పార్టీని ఒకటి రెండు రాత్రులు ఆ ఇంట్లోనే ఉండనిస్తారు. మన దగ్గర ఇది అలవాటు లేదు. అయినా ఖాళీగా ఉన్న పాత ఇల్లో, ఫ్లాటో కొనేటప్పుడు అడిగి చూడటంలో తప్పేమీ లేదు.

ఉంటే ఏం తెలుస్తుంది?

హైదరాబాద్‌లో చాలా బస్తీలకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అందుకే ఒక్క రాత్రి చాలదు, రెండు రాత్రులు ఉండాలి. నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, పై అంతస్తుకు ఎక్కుతాయా లేదా అన్నది అప్పుడే తేలుతుంది. రాత్రిపూట వీధి ఎలా ఉంటుంది, ఫజ్ర్‌కు మసీదుకు నడిచి వెళ్లే దారిలో లైట్లు ఉన్నాయా, పెద్దవాళ్లు మెట్లు ఎక్కగలరా, ఎదురింటి కిటికీ నుంచి మన ఇల్లు కనబడుతుందా అన్నవీ తెలుస్తాయి. వానాకాలంలో ఉంటే ఇంకా మంచిది. గోడల చెమ్మ, డ్రైనేజీ పొంగడం రంగులు వేసినా దాగవు.

షరీఅత్‌లో దీనికి దగ్గరి మాట

వ్యాపారంలో మోసపోతున్నానని చెప్పుకున్న ఒక సహాబీకి, బేరమాడేటప్పుడు ‘మోసం ఉండకూడదు’ అని ముందే చెప్పమని ప్రవక్త (స) నేర్పారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఇతర గ్రంథాల్లోని ఉల్లేఖనంలో మూడు రాత్రుల గడువు కూడా వస్తుంది. బేరం కుదిరాక కూడా ఉంచుకోవాలా, వదులుకోవాలా అని ఆలోచించుకోవడానికి షరతుగా పెట్టుకునే ఈ గడువునే ఫిఖ్‌లో ఖియారె షర్త్ అంటారు. ఇమామ్ అబూ హనీఫా దీన్ని మూడు రోజులకు పరిమితం చేశారు. అమ్మేవాడు దాచిన లోపం బయటపడితే సొత్తు తిప్పి ఇచ్చే హక్కు వేరే ఉంది, అది ఖియారె ఐబ్. బయానా జప్తు చేసుకోవడాన్ని హనఫీ ఫిఖ్ ఒప్పుకోదు. కాబట్టి ‘నచ్చకపోతే బయానా వాపస్’ అన్న మాట ముందే రాసుకోవడం మేలు.

కాగితం ఎలా ఉండాలి?

అమ్మేవాళ్ల భయం కూడా సబబే. వచ్చినవాళ్లు ఖాళీ చేయకపోతే? అందుకని బయానా కాగితంలో ‘స్వాధీనం ఇచ్చాం’ అన్న మాట రాయకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్వాధీనంతో కూడిన అగ్రిమెంట్‌పై అమ్మకం పత్రంతో సమానంగా స్టాంప్ డ్యూటీ పడుతుంది. ఉండటానికి మాత్రం విడిగా లీవ్ అండ్ లైసెన్స్ రాసుకోవాలి. అందులో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎంతమంది, ఇంట్లో ఏ సామాను ఉంది, కరెంటు బిల్లు ఎవరిది అన్నవి ఉంటే చాలు. ఆధార్ కాపీలు ఇచ్చిపుచ్చుకోవాలి. తాళాలు ఇచ్చేటప్పుడు ఫోటోలు తీసుకుంటే తర్వాత గొడవ రాదు.

కొత్త ఫ్లాట్‌కు రెరా చట్టం అండ ఉంది. స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడి చెబితే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఒక కుటుంబం నుంచి ఇంకో కుటుంబం కొనే పాత ఇంటికి ఇలాంటి గ్యారంటీ లేదు. కాబట్టి ఉండి చూడటం అక్కడే ఎక్కువ అవసరం.

ఉన్నా తెలియనివి

ఇంటి మీద అప్పు ఉందా, వారసుల్లో అక్కచెల్లెళ్ల వాటా తేలిందా, స్థలం వక్ఫ్‌దా అన్నవి పది రాత్రులు పడుకున్నా తెలియవు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించాలి, నిషేధిత ఆస్తుల జాబితా చూడాలి, వక్ఫ్ బోర్డులో అడగాలి, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించాలి. ఇవన్నీ అయ్యాకే బయానా ఇవ్వాలి.

అమ్మేవాళ్లు ఉండనివ్వకపోతే పట్టుబట్టాల్సిన పనిలేదు. ఫజ్ర్ తర్వాత ఒకసారి, ఇషా తర్వాత ఒకసారి, నల్లా వచ్చే రోజు ఒకసారి వెళ్లి రండి. ఇంట్లో ఆడవాళ్లను తప్పకుండా తీసుకెళ్లండి. రోజంతా ఆ ఇంట్లో ఉండేది వాళ్లే కదా.