చర్మానికి మూడు పనులు: కడగడం, ఆరబెట్టడం, నూనె రాయడం



బొగ్గు, బూడిద, చెమట, ఎండ. జ్యోతినగర్, గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ పరిసరాల్లో ఉండేవారి చర్మం రోజూ ఈ నాలుగింటినీ భరిస్తుంది. భూగర్భ గనిలో పని చేసేవారికి ఉక్క, తడి. ఓపెన్‌కాస్టులో పని చేసేవారికి దుమ్ము, ఎండ. ఇంట్లో ఉండే తల్లులకు అంట్ల సబ్బు, బట్టల సోడా, పొయ్యి వేడి. వేసవిలో మన రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఇన్నిటిని తట్టుకునే చర్మానికి మనం చేసే సేవ మాత్రం చాలా ఇళ్ళలో ఒక సబ్బు బిళ్ళతో ముగిసిపోతుంది. దురద వస్తే మెడికల్ షాపులో ఒక ట్యూబు కొంటాము. ఈ రెంటి మధ్య చేయవలసిన పనులు మూడున్నాయి. వాటికి ఖర్చు తక్కువ, వరుస ముఖ్యం. ఆ వరుసను ఈ సంచికలో వివరిస్తున్నాము.

చర్మం చేసే పని

పెద్దవారి చర్మాన్ని పరిస్తే సుమారు ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్లు ఉంటుంది. దాని పై పొరను ఇటుక గోడతో పోల్చవచ్చు. చనిపోయిన కణాలు ఇటుకలైతే, వాటి మధ్యనున్న సహజమైన కొవ్వు సున్నం లాంటిది. లోపలి నీరు బయటికి పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా కాపాడేది ఈ గోడే. మంచి చర్మానికి కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది. సబ్బుకు క్షారగుణం ఉంటుంది. అందుకే సబ్బు ఎక్కువగా రుద్దినకొద్దీ మురికితో పాటు ఆ కొవ్వు కూడా పోతుంది. గోడకు సందులు పడతాయి. చర్మం బిగుసుకుపోవడం, తెల్లగా పొట్టు రాలడం, దురద పెట్టడం దాని గుర్తులు.

మొదటి పని: కడగడం

షిఫ్టు దిగి ఇంటికి వచ్చినవారు ముందు స్నానం చేయాలి, తరువాతే మంచం మీద కూర్చోవాలి, పిల్లలను ఎత్తుకోవాలి. చల్లని నీళ్ళు లేదా గోరువెచ్చని నీళ్ళు చాలు. మరిగే నీళ్ళు హాయిగా అనిపించినా చర్మంలోని కొవ్వును కడిగేస్తాయి. ఐదు నుండి పది నిమిషాల స్నానం సరిపోతుంది.

సబ్బు ఒళ్ళంతా రెండు మూడుసార్లు రుద్దనవసరం లేదు. చంకలు, గజ్జలు, పాదాలు, దుమ్ము పట్టిన మెడ, చేతులు – వీటికి రోజూ సబ్బు కావాలి. మిగతా ఒంటికి దుమ్ము లేని రోజున నీళ్ళు చాలు. సబ్బు కొనేటప్పుడు కాగితం మీద 'టి.ఎఫ్.ఎం.' అని ఉన్న అంకె చూడండి. అది సబ్బులోని కొవ్వు పదార్థం శాతం. భారతీయ ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సబ్బుల్లో మొదటి రకానికి కనీసం 76, రెండవ రకానికి 70, మూడవ రకానికి 60 శాతం ఉండాలి. 'బేతింగ్ బార్' అని రాసి ఉన్నవాటిలో ఇది 40 శాతమే ఉండవచ్చు. రంగు, వాసన కంటే ఈ అంకె చూసి కొనడం మేలు. సున్నిపిండి, శనగపిండి వాడేవారు మెత్తగా జల్లించి వాడుకోవచ్చు. పుండ్లు, దద్దుర్లు ఉన్నచోట మాత్రం రుద్దవద్దు.

వర్క్‌షాపుల్లోను, యంత్రాల మీద పని చేసేవారు చేతుల గ్రీజును కిరోసిన్‌తోనో, డీజిల్‌తోనో, బట్టల పౌడరుతోనో కడుగుతుంటారు. అలా చేస్తే గ్రీజు పోతుంది గాని చేతులు మండి, పగిలి, తామరలాంటి పుండ్లు పడతాయి. నూనె మరకను నూనే కరిగిస్తుంది. కొంచెం వంటనూనె చేతులకు రాసి, రెండు నిమిషాలు రుద్ది, పాత గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడుక్కోండి.

గనిలో గీరుకున్న గాయాన్ని చిన్నదని వదలవద్దు. బొగ్గు పొడి లోపల ఉండగా చర్మం మూసుకుంటే ఆ చోట నీలి మచ్చ పచ్చబొట్టులాగా ఉండిపోతుంది. వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో కడగండి. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు తీసుకున్నారో గుర్తు లేకపోతే ఆసుపత్రికి రండి.

రెండవ పని: ఆరబెట్టడం

మా ఓ.పి.లో చర్మరోగాలతో వచ్చేవారికి మేము ఎక్కువగా చెప్పవలసి వచ్చేది ఈ పని గురించే. స్నానం చేసి, తడి ఒంటి మీదనే బనియను, లోదుస్తులు వేసుకుంటారు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, పొట్ట మడతలు, కాలివేళ్ళ సందులు – ఇక్కడ తడి నిలిస్తే బూజు పెరుగుతుంది. తామర అనేది ఈ బూజు జాతి రోగమే. కాలివేళ్ళ సందులు తెల్లగా నాని పాసిపోవడం కూడా చాలాసార్లు దానివల్లనే.

తువాలుతో గట్టిగా రాయకుండా అద్దండి. వేళ్ళ సందులు ఒక్కొక్కటిగా తుడవండి. ఎవరి తువాలు వారికే ఉండాలి. ఇంట్లో ఐదుగురు ఉంటే ఐదు తువాళ్ళు కావాలి. ఒకే తువాలు వాడిన ఇంట్లో ఒకరి తామర అందరి తామర అవుతుంది.

లోదుస్తులు నూలువి, వదులైనవి వేసుకోండి. రోజూ ఉతికినవే తొడగండి. ఆడవారి లోదుస్తులను సిగ్గుతో వేరే బట్టల కింద దాచి, నీడలో ఆరవేయడం మన ఇళ్ళలో అలవాటు. అమ్మలారా, ఈ అలవాటు మానండి. వాటికే అందరికంటే ఎక్కువ ఎండ కావాలి. గని బట్టలను పిల్లల బట్టలతో కలిపి నానబెట్టవద్దు. బూట్లు వేసుకునేవారు రెండు జతల సాక్సులు ఉంచుకుని, తడిసినవి మార్చుకోవాలి. సెలవు రోజున బూట్లను నోరు తెరిచి ఎండలో పెట్టండి.

మూడవ పని: నూనె రాయడం

మన పెద్దలు స్నానానికి ముందు నూనె రాసేవారు. తలంటు రోజున అది మంచిదే. చర్మం పొడిబారినవారికి మాత్రం స్నానం తరువాత రాసే నూనె ఎక్కువ ఉపయోగం. ఒళ్ళు అద్దుకున్న తరువాత, ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే, అంటే మూడు నాలుగు నిమిషాల లోపల, రెండు మూడు చెంచాల కొబ్బరినూనె ఒళ్ళంతా పలుచగా రాయండి. నూనె స్వయంగా నీటిని ఇవ్వదు, ఉన్న నీటిని బంధించి ఉంచుతుంది. ఎండిపోయిన చర్మం మీద రాస్తే బంధించడానికి నీరే ఉండదు. కొబ్బరినూనె బదులు పెట్రోలియం జెల్లీ గాని, వాసన లేని మామూలు లోషను గాని వాడవచ్చు.

చలికాలంలో ముంజేతులు, పిక్కలు, మడమలు తప్పక చూసుకోండి. వయసు మళ్ళినవారికి ఇది రెండు పూటలా అవసరం. ముసలివారి రాత్రి దురదకు చాలాసార్లు కారణం పొడి చర్మమే.

వేసవిలో సంగతి వేరు. చెమటకాయలు వచ్చేది చెమట దారులు మూసుకుపోయినప్పుడు. అప్పుడు జిడ్డు నూనెలు, పొరలు పొరలుగా పౌడరు ఇంకా మూసేస్తాయి. చల్లని నీటి స్నానం, వదులు నూలు బట్ట, గాలి, కాలమైన్ లోషను చాలు. ఎండలో పని చేసేవారికి పొడుగు చేతుల నూలు చొక్కా, తల మీద తువాలు అవసరం. ఏ కాలంలోనైనా మడతల్లో, వేళ్ళ సందుల్లో నూనె రాయరాదు. అక్కడ కావలసింది పొడిదనం.

పసిబిడ్డ పుట్టిన మొదటి 24 గంటలు స్నానం పోయవద్దు. ఒంటి మీది తెల్లని పొరను గట్టిగా తుడవవద్దు. అది బిడ్డకు రక్షణ. తరువాతి రోజుల్లో కొబ్బరినూనెతో మెల్లగా మర్దన చేయవచ్చు. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయవద్దు.

నీరు, నూనెల విలువ బాగా తెలిసినవారు కుష్ఠురోగుల సేవలో ఉన్న నర్సులు. నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు 1915లో స్థాపించిన కుష్ఠు ఆసుపత్రి పేరు మన ప్రాంతంలో చాలామందికి తెలుసు. స్పర్శ పోయిన పాదాలకు చెమట పట్టదు, పగుళ్ళు పడతాయి. నొప్పి తెలియదు గనుక పగులు పుండవుతుంది, పుండు కాలినే తీసుకుపోతుంది. అందుకే ఆ రోగులకు రోజూ మూడు మాటలు నేర్పుతారు: మామూలు నీటిలో నానబెట్టు, మందపు చర్మాన్ని మెల్లగా రుద్దు, చెమ్మ ఆరకముందే నూనె రాయి. పాదాలను కాపాడినది ఈ చిన్న పనే.

షుగరు ఉన్నవారు మాత్రం పాదాలను నానబెట్టవద్దు, వేడి నీటిలో అసలే పెట్టవద్దు. కడిగి, సందులు తుడిచి, సందులు వదిలి మిగతా పాదానికి నూనె రాసి, అరికాలు అద్దంలో చూసుకోండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి.

ట్యూబు ప్రమాదం

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. తామర వస్తే చాలామంది మెడికల్ షాపులో "దురదకు మంచి క్రీము" అడుగుతారు. అలా చేతికి వచ్చే ట్యూబుల్లో బూజు మందుతో పాటు స్టెరాయిడ్ కలిసినవి చాలా ఉన్నాయి. రాసిన రెండు రోజుల్లోనే దురద, ఎరుపు తగ్గుతాయి. రోగం పోయిందని మానేస్తారు. నిజానికి స్టెరాయిడ్ చర్మం ఎదురు తిరిగే శక్తిని అణచివేసింది, లోపల బూజు హాయిగా పాకుతోంది. మానగానే రెండింతలు వస్తుంది. మళ్ళీ రాస్తారు. నెలలు గడిచేసరికి చర్మం ఉల్లిపొరలా పలుచబడుతుంది. తొడల లోపల చారలు పడి ఎప్పటికీ పోవు. ముఖానికి రాసినవారికి ఎరుపు, మొటిమలు, అక్కరలేని వెంట్రుకలు వస్తాయి.

ట్యూబు మీద చదవండి: బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్, బెక్లోమెథాసోన్ – ఇవన్నీ స్టెరాయిడ్లే. డాక్టరు రాసినప్పుడు, చెప్పినన్ని రోజులు వాడితే ఇవి మేలు చేసే మందులే. స్వంతంగా వాడితేనే చేటు. ఇటువంటి 14 పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018లో ఉత్తర్వు ఇచ్చింది. మన దేశంలో వ్యాపించిన ఒక మొండి తామర బూజుకు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఇది వాడుకలో ఉన్న మందుకు కూడా సరిగా లొంగదు. కనుక తామర ఇప్పుడు షాపులో తేలిపోయే రోగం కాదు.

తెల్లబడే క్రీముల విషయంలోనూ ఇదే జాగ్రత్త. కొన్నిటిలో స్టెరాయిడ్, కొన్నిటిలో పాదరసం ఉంటాయి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చిన సంగతి పత్రికల్లో వచ్చింది. మన రంగు రోగం కాదు, దానికి మందు అక్కరలేదు.

తామర వచ్చిన ఇంట్లో అందరూ ఒకేసారి చూపించుకోవాలి. బట్టలు, దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతికి, ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేయాలి. దురద తగ్గినా డాక్టరు చెప్పిన వారాలన్నీ మందు వాడాలి. ఇదివరకే ఏదైనా ట్యూబు నెలల తరబడి వాడి ఉంటే దాచవద్దు, పారవేయవద్దు. వెంట తీసుకురండి. మేము కోప్పడము. ఏ మందు పడిందో తెలిస్తేనే వైద్యం సరిగా జరుగుతుంది.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

1. స్పర్శ లేని మచ్చ, పాలిపోయినది గాని ఎర్రనిది గాని. ఇది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. 6 లేదా 12 నెలల్లో నయమవుతుంది. భయపడి దాచుకుంటేనే వేళ్ళు వంకర పోతాయి.
2. రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేళ్ళ సందుల్లో పొక్కులు, ఇంట్లో మరొకరికి కూడా దురద. ఇది గజ్జి కావచ్చు. ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు రాసుకోవాలి.
3. షుగరు ఉన్నవారికి కాలి మీద ఎంత చిన్న పుండైనా.
4. జ్వరంతో ఎర్రగా, వేడిగా వాచిన చర్మం.
5. రంగు, ఆకారం మారుతున్న పుట్టుమచ్చ, నెల దాటినా మానని పుండు.
6. మాత్ర వేసుకున్న తరువాత ఒళ్ళంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు. ఇది ఆలస్యం చేయరాని స్థితి.

రోజువారీ వరుస

పని నుండి రాగానే స్నానం, మడతలకు సబ్బు. తన తువాలుతో అద్దుకుని, సందులు తుడవడం. చెమ్మ ఉండగానే నూనె, మడతలు వదిలి. ఉతికి ఎండలో ఆరిన నూలు బట్ట. పడుకునే ముందు పాదాలు ఒకసారి చూసుకోవడం. వారానికొకసారి గోళ్ళు కత్తిరించడం, దుప్పట్లు ఎండవేయడం.

మొత్తానికి పావుగంట పని. ఈ వరుసను ఒక కాగితం మీద రాసి స్నానాల గది తలుపుకు అంటించండి, పిల్లలకు కూడా నేర్పండి. సందేహం ఉంటే ఓ.పి.లో ఏ సిస్టరునైనా అడగండి, చూపించి నేర్పుతాము. ట్యూబు కొనేముందు ఒకసారి చూపించుకొని వెళ్ళమని మా మనవి.