గుంట అడుగున కనిపించని కూలీలు

ఇందుకూరుపేట: పంట పట్టి నీరు వదిలేసిన రొయ్యల గుంట గట్టు మీద నిలబడితే కుళ్లిన కోడిగుడ్డు వాసన ముక్కుకు కొడుతుంది. అడుగు మన్ను కాటుకలా నల్లగా వుంటుంది. ఫ్యాన్ల సుడికి చెత్తంతా చేరే నడిమధ్యన ఆ నలుపు మరీ ఎక్కువ. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు వైపు గుంటలు చేసే వారందరికీ తెలిసిన దృశ్యమిది.

మేతలోని నత్రజనిలో రొయ్య వంటికి పట్టేది నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. తక్కినది నీటిలోకీ, మట్టిలోకీ పోతుంది. అమోనియా అక్కడ పుట్టేదే. గాలి ఆడని బురదలో హైడ్రోజన్ సల్ఫైడు తయారవుతుంది; ఆ వాసన దానిదే. రెండూ రొయ్యకు విషమే.

ఈ విషాన్ని విరిచే పని మట్టిలోని బాక్టీరియాది. నైట్రోసోమోనాస్ అనే జాతి అమోనియాను నైట్రైటుగానూ, నైట్రోబాక్టర్ వంటివి దానిని నైట్రేటుగానూ మారుస్తాయి. రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 నాటికే వీటి గుట్టు విప్పాడు. మెట్ట చేలో చల్లిన యూరియా చివరకు నైట్రేటు అయ్యేది కూడా వీటి చలవే.

అయితే వీటికి ఇవ్వవలసిన కూలి ప్రాణవాయువు. కిలో అమోనియా నత్రజని నైట్రేటుగా మారాలంటే సుమారు నాలుగున్నర కిలోల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అర్ధరాత్రి కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే రొయ్యలతోపాటు వీటి పనీ ఆగిపోతుంది. పైగా ఇవి బహు నిదానంగా పెరిగే జాతి. రెట్టింపు కావటానికి గంటలు, ఒక్కోసారి రోజు పైన పడుతుంది.

ఇక డబ్బాల సంగతి. బెల్లం నీళ్లలో పులియబెట్టి గుంటలో చల్లే పొడుల్లో ఎక్కువగా వుండేది బాసిల్లస్ జాతి. అది విత్తనం వంటి గట్టి రూపం కట్టుకొని పొడిలో ఎంతకాలమైనా నిద్రపోగలదు. నైట్రోసోమోనాస్‌కు ఆ శక్తి లేదు. కాబట్టి అమోనియాను తినే బాక్టీరియా అని ఎండు పొడి అమ్మజూపితే ఒకటికి రెండుసార్లు అడిగి తీసుకోవటం మంచిది. నిన్న బ్లీచింగ్ చల్లి నేడు ఈ పొడి చల్లితే రెండింటి డబ్బూ నీళ్లపాలే. తెల్లమచ్చ వైరస్‌ను ఏ డబ్బా ఆపలేదు.

ఆ తెల్లమచ్చే 1994 తర్వాత ఈ తీరంలో టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీర ఆక్వాకల్చర్ చట్టం వచ్చాయి. 2009 నుంచి వనామీ వచ్చి గుంటలో పిల్లల లెక్క పెరిగింది, మేతా పెరిగింది.

దమ్మిడీ ఖర్చు లేని వైద్యం ఎండబెట్టటం. అడుగు నెర్రెలిస్తే గాలి లోపలికి దిగి బాక్టీరియా బురదను తినేస్తుంది. పులుపెక్కిన మట్టికి సున్నం చల్లాలి. ఎముకలా ఎండనిస్తే మాత్రం తడి లేక పని ఆగుతుంది. కానీ లీజు గడువు తరుముతుంటే అన్నాళ్లు ఆగేదెవరు? నల్ల బురదను మోటారుతో కాలువలోకి తోసేస్తున్న వారున్నారు. కొంచెం దిగువన మరో రైతు మోటారు ఆ నీటినే తోడుకుంటుంది.